ఆక్టేవియాలో మోటుల్ 8100 ఎక్స్-సెస్ 5డబ్ల్యూ-40: 16 వేల కిలోమీటర్లు తిరిగాక

ముందే చెప్పేస్తున్నా, నేను మెకానిక్‌ని కాదు, ఆయిల్ షాపు వాణ్నీ కాదు. హన్మకొండలో ఉంటాను, సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్) నడుపుతాను. 180 పీఎస్ పవర్, 250 ఎన్ఎం టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్, కాలు కాస్త గట్టిగా వేస్తే పక్క సీట్లో కూర్చున్నవాళ్లు పైన హ్యాండిల్ కోసం వెతుక్కునే రకం బండి. కొన్నప్పుడు మీటర్ మీద 58 వేలు, ఇప్పుడు 79 వేలు దాటింది. అందులో మొదటి ఐదు వేలు ఏ ఆయిల్‌తో తిరిగానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తర్వాతి 16 వేలు, రెండు విడతలుగా, మోటుల్ 8100 ఎక్స్-సెస్ జెన్2 5డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్‌తో తిరిగాను.

ఒక్క ముక్కలో చెప్పమంటే ఆయిల్ బాగుంది, మూడోసారీ ఇదే పోయిస్తా. కానీ అది నా బండికి సరిపోయింది డబ్బా మీదున్న పెద్ద పేరు వల్ల కాదు, డబ్బా వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఒక లైను వల్ల. ఈ సోదంతా ఆ లైను గురించే.

బండి హైదరాబాద్ నుంచి తెచ్చిన వారానికే ఇక్కడ ఒక గ్యారేజీలో సర్వీసింగ్‌కి ఇచ్చాను, పేరెందుకులెండి. పొద్దున ఇస్తే సాయంత్రానికి కడిగి, తుడిచి, లోపల సెంటు కొట్టి మరీ ఇచ్చారు. సంబరంగా తెచ్చుకున్నా, బిల్లు చూడను కూడా చూడకుండా మడిచి డ్యాష్‌బోర్డు అరలో పడేశా. నెల తిరగకముందే మొదలైంది: పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగరమని, రేకు డబ్బాలో కంకర వేసి ఊపినట్టు చప్పుడు, ఆ వెంటనే మాయం. రాత్రంతా ఆగిన బండికే వస్తుంది, సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు రాదు. నాకు తప్ప ఎవరికీ వినిపించదు, ఇంట్లో చెప్తే "పాత బండి కొంటే అంతే మరి" అని ఒక మాట.

ఆఫీసులో ఒకాయన చెప్తే ఆటోనగర్‌లో ఒక అన్న దగ్గరికి తీసుకెళ్లా. ఆయన బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి లాగి, ఒక చుక్క బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రాసి చూసి, అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఏం ఆయిల్ పోపిచ్చినవ్ తమ్మీ?"

"ఏమో అన్నా, గ్యారేజీలో వాళ్లే పోసిండ్రు."

"బిల్లున్నదా?"

అరలోంచి తీసి ఇచ్చా. ఇంజన్ ఆయిల్, 15డబ్ల్యూ-40, 6 లీటర్లు. అంతే, కంపెనీ పేరు కూడా లేదు.

"ఇది డీసీఎంలకు, ట్రాక్టర్లకు పోసే గ్రేడు. డ్రమ్ములకెళ్లి కొట్టిండ్రు. అదిగాక పై గీత దాటి ఏలెడు ఎక్కువ పోసిండ్రు. ఇంత పైసల్ పెట్టి బండి కొన్నవ్, ఆయిల్ కాడ అడగవా మరి?"

అడగలేదు, నిజమే. ఏం పోస్తున్నారని నోరు తెరిచి ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. ఆయిల్ ఎక్కువ పోస్తే మంచిదే కదా అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు, నేనూ అనుకున్నా. మంచిది కాదు. ఛాంబర్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, మట్టం పెరిగితే తిరిగే క్రాంక్ ఇరుసు దాన్ని చల్ల చిలికినట్టు చిలుకుతుంది, నురగ పుడుతుంది, నురగ పంపులోకి పోతే బేరింగ్‌కి అందేది ఆయిల్ కాదు, సగం గాలి.

ఇక ఆ పొద్దుటి చప్పుడు. ఈ ఇంజన్‌లో టైమింగ్ చైన్ ఉంటుంది, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తుంది. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోయి, పొద్దున ఆ చిక్కటి 15డబ్ల్యూ పైకి ఎక్కడానికి తీసుకునే ఆ రెండు మూడు సెకన్లు చైన్ వదులుగా కొట్టుకుంటుంది. చైనే అరిగిపోయిందేమో అని నాకు వారం రోజులు ఒకటే టెన్షన్, ఎందుకంటే చైన్ పని అంటే బిల్లు వేలల్లో ఆగదు. నా అదృష్టం బాగుండి ఆయిల్ మార్చిన మర్నాడే చప్పుడు పోయింది, ఇప్పటిదాకా మళ్లీ రాలేదు. అందరికీ ఆయిల్ మారిస్తేనే పోతుందని మాత్రం అనుకోకండి, టెన్షనర్ నిజంగానే పోయిన బండ్లూ ఉంటాయి.

ఆటోనగర్ అన్న పనిమంతుడు, చేతిలో పానా పెడితే బంగారం. కానీ ఆయన కూడా ఆరోజు ఒక మాటన్నాడు, వరంగల్‌లో ఎవర్ని అడిగినా అదే మాట: మన ఎండలకు చిక్కటి ఆయిల్ పడాలె, 5డబ్ల్యూ అంటే నీళ్ల లెక్క ఉంటది, 20డబ్ల్యూ-50 పొయ్యి, ఇంజన్ చల్లగుంటది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలే, రామగుండం వైపు పోతే ఇంకా మంట, కాబట్టి వినగానే నిజమే అనిపిస్తుంది. కాదు. రోడ్డు మీద 45 ఉన్నా, 25 ఉన్నా ఇంజన్ తన నీళ్లని థర్మోస్టాట్‌తో ఇంచుమించు ఒకే వేడి దగ్గర పట్టి ఉంచుతుంది, ఆయిల్ వేడి దాని చుట్టూ తిరుగుతుంది, బయట ఎండ తేడా అక్కడికి చేరేసరికి కొన్ని డిగ్రీలే. 5డబ్ల్యూ-40లో డబ్ల్యూ అంటే వింటర్, బరువు కాదు. ముందున్న 5 చలిలో ఎలా కదులుతుందో చెప్పే అంకె, దాన్ని మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. 15డబ్ల్యూని మైనస్ 20 దగ్గర. వెనకున్న 40 మాత్రం 100 డిగ్రీల దగ్గర చిక్కదనం: 12.5 నుంచి 16.3 సెంటిస్టోక్స్ లోపు ఉంటేనే 40 అనాలి. అంటే ఇంజన్ వేడెక్కాక 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 రెండూ ఒకే కోవలోవి. వేళ్ల మధ్య రాసి చూస్తే 5డబ్ల్యూ పలచగా తగులుతుంది, ఎందుకంటే వేళ్ల దగ్గర 100 డిగ్రీలు లేవు కదా.

మరి మైనస్ 30 అంకెతో మనకేం పని, వరంగల్‌లో చలికి వణికిపోయిన రోజు కూడా పది పన్నెండు డిగ్రీలే కదా అని మా బామ్మర్ది అడిగాడు. మంచి ప్రశ్నే. ఇంజన్‌కి చలి అంటే మంచు కురవడం కాదు, నూరు డిగ్రీలకు బాగా కింద ఉన్నదంతా చలే. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టిన బండి కూడా ఇంజన్ లెక్కన చల్లగా ఉన్నట్టే. ఆ స్టార్ట్ అయిన మొదటి క్షణాల్లో 5డబ్ల్యూ ముందు చేరుతుంది, 15డబ్ల్యూ వెనక చేరుతుంది, నా బండి గరగరలో ఉన్న తేడా అదే. 0డబ్ల్యూ అయితే ఇంకా ముందే కదా అంటే, లద్దాఖ్‌లో రాత్రి బండి బయట పెట్టేవాళ్లకి అది పట్టింపు, మనకి 0కీ 5కీ తేడా వెతికినా దొరకదు.

చిక్కటి నూనె అంటే ఒకటి గుర్తొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లలో పోసింది ఆముదమే, మన చేలల్లో పండే ఆముదం. క్యాస్ట్రాల్ కంపెనీ పేరు కూడా అక్కణ్నుంచే, క్యాస్టర్ ఆయిల్ నుంచి వచ్చింది. మా నాయనమ్మ తలకు పట్టించింది కూడా ఒకరకంగా రేసింగ్ ఆయిలే అన్నమాట.

సరే, ఆ లైను. ఆక్టేవియా మాన్యువల్ తీస్తే పెట్రోల్ ఇంజన్‌కి ఏ ఆయిల్ అనే చోట కంపెనీ పేరు కన్నా, గ్రేడు కన్నా ముఖ్యంగా ఒక నంబర్ ఉంటుంది: వీడబ్ల్యూ 502 00. ఫోక్స్‌వాగన్ గ్రూప్ తన ఇంజన్ల కోసం పెట్టుకున్న పరీక్ష అది. పిస్టన్ల మీద మడ్డి ఎంత కడుతుంది, వేడికి ఆయిల్ ఎంత చిక్కబడుతుంది, సీళ్లని తినేస్తుందా, ఇవన్నీ చూసి ఆయిల్ కంపెనీకి ఒక కాగితం ఇస్తారు. ఆ కాగితం ఉన్న ఆయిల్ డబ్బా మీద అప్రూవల్ అని ఉంటుంది. ఇక్కడే కిటుకు: కొన్ని డబ్బాల మీద అప్రూవల్ అనే మాట ఉండదు, "మీట్స్", "సూటబుల్ ఫర్", "రికమెండెడ్ ఫర్" అని ఉండి పక్కన అదే 502 00 నంబర్ ఉంటుంది. అది ఆయిల్ అమ్మేవాడు తనకు తాను ఇచ్చుకున్న సర్టిఫికెట్. అలాంటివన్నీ పనికిరావని కాదు, కానీ వారంటీ ఉన్న బండి అయితే రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ ఒక్క పదం కోసమే గొడవ అవుతుంది.

ఎక్స్-సెస్ జెన్2 డబ్బా తిప్పి చూస్తే వీడబ్ల్యూ 502 00/505 00 ఉంది, మెర్సిడెస్ 229.5 ఉంది, పోర్షే ఏ40 ఉంది, యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ పెట్టిన ఏ3/బీ4 ఉంది. నాకు కావాల్సింది మొదటిదీ చివరిదీ. ఏ3/బీ4 అంటే 150 డిగ్రీల దగ్గర ఆయిల్‌ని నలిపేస్తూ కొలిచినప్పుడు కూడా చిక్కదనం 3.5కి (ఇది సెంటిస్టోక్స్ కాదు, వేరే కొలత) తగ్గకూడదు. దీన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు, టర్బో బండి వాళ్లు 40, 50 అంకెల కన్నా ముందు చూడాల్సింది ఇదే. టర్బో ఇరుసు లక్షకు పైగా ఆర్‌పీఎంతో తిరుగుతుంది, దానికీ బేరింగ్‌కీ మధ్య ఉన్నది ఈ ఇంజన్ ఆయిల్ పొరే, వేరే గ్రీజు గిరీజు ఏమీ ఉండదు. ఆ పొర తెగితే తర్వాత వినిపించేది ఈల. కొత్త తరం ఇంజన్ల కోసం ఫోక్స్‌వాగన్‌దే 508 00 అని ఇంకో నంబర్ ఉంది, 0డబ్ల్యూ-20, పచ్చ రంగులో ఉంటుంది, దాని హెచ్‌టీహెచ్‌ఎస్ 2.6 దగ్గర మొదలవుతుంది. కొత్తది కదా, మైలేజ్ పెరుగుతుంది కదా అని దాన్ని తెచ్చి నా లాంటి పాత 1.8లో పోయకూడదు, దానికోసం కట్టిన ఇంజన్లు వేరు.

మా బామ్మర్ది వేరే లోకంలో ఉంటాడు. "బావా, పెట్టేదే పెడుతున్నవ్, 300వీ పోయించు, రేసోళ్లు అదే పోస్తరు" అని ఒకటే పోరు. 300వీ కూడా మోటుల్ వాళ్లదే, 300 రేసు గెలుపుల గుర్తుగా 1971లో ఆ పేరు పెట్టారు, ఎస్టర్ బేస్ ఆయిల్, గొప్పది, కాదనను. కానీ రేస్ ఆయిల్ రేస్ కోసమే: ట్రాక్ మీద నాలుగు గంటలు చావగొట్టి, దింపేసి, కొత్తది పోస్తారు. ఆఫీసుకి, కూరగాయలకి, నెలకోసారి హైదరాబాద్‌కి పోయే బండికి ఆయిల్ ఎనిమిది నెలలు లోపలే ఉండాలి, మడ్డి కడగాలి, యాసిడ్ పట్టకుండా చూడాలి, ఆ పనికి పరీక్ష పాసైనట్టు చెప్పే 502 00 దాని మీద ఉండదు. పర్‌ఫార్మెన్స్ కారు అనగానే చేతిలో ఉన్నదాంట్లో అన్నిటికన్నా ఖరీదైనది పోయాలనే తాపత్రయం మనందరికీ ఉంటుంది, నేనూ ఒక రాత్రంతా 300వీ రేట్లు చూస్తూ కూర్చున్నా.

కొనడం దగ్గరకొద్దాం. హన్మకొండలో మూడు షాపులు తిరిగా. ఒక చోట వేరే పెద్ద కంపెనీ డబ్బా చూపించారు, రేటు మిగతాచోట్ల కన్నా బాగా తక్కువ, చేతిలోకి తీసుకుని తిప్పితే మూత కింద రింగు అప్పటికే ఒకవైపు తెగి ఉంది, లేబుల్ అంచు గాలి బుడగలతో లేచి ఉంది, బ్యాచ్ నంబర్ గోటితో గీకితే పోయేలా ఉంది. "స్టాక్ పాతది సార్, అంతే" అన్నాడు. దండం పెట్టి బయటికొచ్చా. చివరికి ములుగు రోడ్డు వైపు ఒక చిన్న షాపాయన రెండు రోజుల్లో తెప్పిస్తానన్నాడు, ఐదు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి తీసుకున్నా, ఎందుకంటే ఈ ఇంజన్ ఫిల్టర్‌తో కలిపి ఐదు దాటి తాగుతుంది. పెద్ద డబ్బా నాలుగు వేలకు అటూ ఇటూ పడింది. బిల్లు రాయించుకోండి, బ్యాచ్ నంబర్‌తో సహా, షాపాయన విసుక్కున్నా సరే.

ఆయిల్ మార్చేటప్పుడు నేను కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంటా, టీ తాగడానికి కూడా లేవను. బండి పది కిలోమీటర్లు తిప్పి తెచ్చాక వేడి మీద ఛాంబర్ బోల్టు విప్పాడు అన్న, పాత 15డబ్ల్యూ నల్లగా, దారంలా కాకుండా తాడులా దిగింది, కింద సగానికి కోసిన క్యాన్‌లోకి. తొందరపడితే లోపల కొంత మిగిలిపోతుందని చివర చుక్క చుక్కగా పడేదాకా ఆగమన్నా, ఆయన బీడీ ముట్టించుకుని దూరంగా పోయి నిలబడ్డాడు. ఈ ఇంజన్‌లో ఫిల్టర్ పైనే ఉంటుంది, బండి కింద దూరే పని లేదు, నల్ల ప్లాస్టిక్ మూత విప్పితే లోపల కాగితం ఫిల్టర్. ఆ మూత మీదే 25 ఎన్ఎం అని అచ్చు వేసి ఉంటుంది, అయినా లారీ నట్టు బిగించినట్టు బిగించేవాళ్లు ఉంటారు, పగిలేది అక్కడే. మూతకున్న రబ్బరు రింగు కూడా మార్చించండి, ఫిల్టర్‌తో పాటే వస్తుంది. ఐదు లీటర్లు పోసి, స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు నడిపి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూసి, లీటరు డబ్బాలోంచి కొంచెం కొంచెం పోశాం. గీతల మధ్య ముప్పావు దగ్గర ఆపించా.

మార్చిన వెంటనే బండి రాకెట్ అయిపోయిందని రాసేవాళ్లని నమ్మకండి. పవర్ పెరగలేదు, పికప్ మారలేదు, మైలేజ్ అంతే. మారింది రెండే: పొద్దుటి చప్పుడు పోయింది, ఇంకోటి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్‌కి వచ్చే సన్నటి వణుకు కొంచెం తగ్గింది, ఇది నా భ్రమ కూడా కావచ్చు. అయితే ఈ బండిలో ఒక మంచి సౌకర్యం ఉంది, మీటర్ల మధ్య తెర మీద ఆయిల్ ఎంత వేడిగా ఉందో డిగ్రీల్లో చూపిస్తుంది, 50 దాటాక అంకె మొదలవుతుంది. అది చూడటం అలవాటయ్యాక నా డ్రైవింగే మారిపోయింది. హన్మకొండ చౌరస్తా దగ్గర స్టార్ట్ చేస్తే కాజీపేట చేరేలోపే నీళ్ల ముల్లు 90 మీద నిలబడుతుంది, మనం అనుకుంటాం బండి వేడెక్కింది ఇక తొక్కొచ్చని, కానీ ఆయిల్ అంకె చూస్తే ఇంకా 62, 65. అందుకే 80 చూపించేదాకా 2,500 ఆర్‌పీఎం దాటించను, పక్కన ఎవడు హారన్ కొట్టినా సరే.

జనగామ దాటాక హైదరాబాద్ రోడ్డు మీద నిలకడగా పోతే 96, 98. ఏసీ వేసి, నలుగురు ఎక్కి, మే నెలలో పోయినా 101 దాటలేదు, ఎండకు చిక్కటి ఆయిల్ కావాలనేవాళ్లకి నా జవాబు ఈ అంకె. ఆదిలాబాద్ పోతూ నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మలుపుల్లో ఎస్ (స్పోర్ట్) మోడ్‌లో పెట్టి మనసారా తొక్కితే 112 దాకా వెళ్లింది, నేను చూసిన ఎక్కువ అదే, పైకెక్కి మామూలుగా పోగానే పది నిమిషాల్లో వందకు దిగింది. కొత్తలో, ఆ డ్రమ్ము ఆయిల్ ఉండగా, 2024 మేడారం జాతరకి తాడ్వాయి దారిలో ఇరుక్కున్నాం, మూడు గంటలు అడుగు అడుగుగా, అప్పుడు ఈ అంకె సంగతి తెలియదు, ఫ్యాన్ హోరు మాత్రం గుర్తుంది. ఈ ఆయిల్‌తో అలాంటి ట్రాఫిక్ ఇంకా చూడలేదు కాబట్టి దాని గురించి చెప్పను.

రెండు వేల కిలోమీటర్లకే ఆయిల్ నల్లబడిందని కంగారు పడొద్దు. లోపలి మసిని కడిగి తనలో పెట్టుకోవడం దాని పని, పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో మసి ఇంకొంచెం ఎక్కువే. కంగారు పడాల్సింది మట్టం తగ్గితే. నా బండి మొదటి ఎనిమిది వేలల్లో డిప్‌స్టిక్ మీద ముప్పావు నుంచి సగానికి వచ్చింది, మధ్యలో పోసింది ఏమీ లేదు. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా తాగినా మామూలే అని ఫోక్స్‌వాగన్ మాన్యువల్ లెక్క, ఆ లెక్కన చూస్తే నాది ఉపవాసం ఉన్నట్టే. అయినా నెలకోసారి, పొద్దున, చదునైన చోట చూస్తా. కంపెనీ వాళ్లు 15 వేలు లేదా ఏడాది అంటారు, నేను 8 వేలకే మార్చేస్తున్నా. ఊర్లో నాలుగైదు కిలోమీటర్ల తిరుగుడులో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, సిలిండర్ గోడ మీద పడ్డ పెట్రోలు కొంచెం కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది, అది ఆవిరై పోవాలంటే లాంగ్ డ్రైవ్ పడాలి, నాకు ఆ లాంగ్ డ్రైవ్ నెలకొకటే. ఎనిమిది వేల దగ్గర దింపినప్పుడు వాసన చూస్తే పెట్రోలు వాసన సన్నగా తగిలింది.

తక్కువ మార్కులు ఎక్కడ వేస్తా అంటే, ఒకటి రేటు, రెండు మన ఊర్లో అడిగిన రోజే దొరకదు. మూడోది ఈ ఒక్క ఆయిల్‌దే కాదు, ఈ తరగతి ఆయిల్స్ అన్నిటికీ వర్తించేది. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో తక్కువ ఆర్‌పీఎంలో కాలు గట్టిగా వేస్తే స్పార్క్ కన్నా ముందే మంట అంటుకునే జబ్బు ఒకటుంది, ఎల్‌ఎస్‌పీఐ అంటారు, పిస్టన్ పగిలేంత దెబ్బ. ఆయిల్‌లో కాల్షియం ఎక్కువుంటే అది పెరుగుతుందని తేలింది, అందుకే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వాళ్లు 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అని కొత్త గుర్తులు తెచ్చారు. కాబట్టి 502 00 తో పాటు ఎస్‌పీ కూడా ఉన్న డబ్బా దొరికితే అదే తీసుకోండి. ఇంకో సంగతి, ఈ డీఎస్‌జీ మైలేజ్ కోసం 60 దాటగానే ఏడో గేర్‌లోకి పోతుంది, అక్కణ్నుంచి లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ముందు స్టీరింగ్ వెనకున్న ప్యాడిల్ నొక్కి రెండు గేర్లు దింపండి, తర్వాత తొక్కండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

షెల్ హీలిక్స్ అల్ట్రా 5డబ్ల్యూ-40, క్యాస్ట్రాల్ ఎడ్జ్ 5డబ్ల్యూ-40 డబ్బాల మీద కూడా 502 00 చూశాను, మీ ఊర్లో అవి సులువుగా, నమ్మకంగా దొరికితే మోటుల్ కోసం రెండు రోజులు ఆగక్కర్లేదు. నిజం చెప్పాలంటే కళ్లు మూసుకుని మూడూ నడిపితే ఏది ఏదో నేను చెప్పలేను. చెప్పగలమనే వాళ్లున్నారు, వాళ్లకో నమస్కారం.

పని అయ్యాక ఖాళీ డబ్బా. షెడ్డు బయట ఒక పిల్లగాడు గోనెసంచితో ఎప్పుడూ తిరుగుతుంటాడు, మామూలు ప్లాస్టిక్ కిలోల లెక్క, మంచి కంపెనీ ఆయిల్ డబ్బా మూతతో సహా అయితే ఒక్కదానికే ఇరవై రూపాయలు ఇస్తానన్నాడు. ఖాళీ డబ్బాకి, అందులోనూ మూతకి, అంత రేటు ఎందుకో ఆలోచించండి. స్క్రూడ్రైవర్ తీసుకుని డబ్బా పొట్టలో రెండు పోట్లు పొడిచి, లేబుల్ చించి, అప్పుడిచ్చా. వాడు నా వైపు చూసిన చూపు మీరు చూడాల్సింది.

లీటరు డబ్బాలో ముప్పావు మిగిలింది, మూత బిగించి డిక్కీలో పెట్టుకున్నా. మొన్న బామ్మర్ది వచ్చి, బుల్లెట్‌కి ఆయిల్ తగ్గింది బావా, ఆ మిగిలింది పోసేస్తా అన్నాడు. బుల్లెట్‌లో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, దానికి జాసో ఎంఏ (అలాంటి క్లచ్ ఉన్న బైకుల ఆయిల్ గుర్తు) అని రాసున్న ఆయిల్ పోయాలి, 15డబ్ల్యూ-50, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు అని చెప్పా. "రేసుదైతే ఇస్తుంటివేమో" అని మూతి ముడుచుకుని, టీ తాగి, పోతూ పోతూ నా కారు డిప్‌స్టిక్ ఒకసారి లాగి చూసి పోయాడు.